సోపానవిజయం, అను పదిహేడు మెట్ల దండయాత్ర

వినుడు, పనీపాటా లేక కూర్చున్న సజ్జనులారా! ప్రచండమార్తాండుడు ఎదురింటి నీళ్లట్యాంకు మీదికి ఎగబాకి పాదచారుల నెత్తిన నిప్పులు కుమ్మరిస్తున్న ఉదయం పదిన్నర గంటల శుభవేళ, ఇరుకుసందు చివర పెచ్చులూడిన మేడ పాదసీమలో, ఇనుపకమ్మీ మీద వామహస్తం మోపి, వక్షస్థలం కొలిమితిత్తిలా ఎగసిపడుతుండగా నిలిచినవాడెవడు? నలభైయేళ్లు ఊదుగొట్టంతో అగ్నిని శాసించి, ఆ పొగకే తన ఊపిరితిత్తులు ధారపోసిన స్వర్ణకారశిఖామణి! సముద్రాలు లంఘించిన వీరుల్ని లోకం తెగ పొగుడుతుంది. వాళ్లకేం, ఊపిరితిత్తులు బాగుండి ఉంటాయి. వీడి ముందున్నవి పదిహేడు మెట్లు.

ఆ సోపానపర్వత శిఖరాన ఉన్నది వీడి పనిగది. గత నెలలో రెండుసార్లు తొమ్మిదో మెట్టు మీద కూలబడి ఆస్పత్రి పాలయ్యాక ఇల్లాలు శాసనం చేసింది: ఈరోజు, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి చూసే నర్సమ్మ ఎదుట తనంత తాను పైకెక్కి, ఎక్కగానే ఒక్క వాక్యం ఎక్కడా ఆగకుండా పలికితే గది వీడిది, లేకుంటే ఇల్లాలి తమ్ముడి సెల్‌ఫోన్ రిపేరు దుకాణానిది. అక్కకటాక్షైకజీవనుడైన ఆ తమ్ముడు అప్పుడే కొలతల టేపు పట్టుకుని పైన వెలిశాడు.

"ఏం బావా, ముహూర్తం చూసుకుంటున్నావా? టేబులు కిటికీ పక్కన వేస్తున్నా!"

"ఓయీ శ్యాలకాధమా! పరగదిలుబ్ధా! మదీయ పాదఘట్టనకు ఈ మెట్లు పిండి కాకపోతే నా మీసం..." అని గర్జించాలనే ఉంది వీరుడికి. ఊపిరి చాలక, "ఎక్కుతా," అన్నాడు.

"మందు పీల్చారా బాబాయ్ గారూ?" అంది నర్సమ్మ.

"పీల్చా. కాగితంలో ఇవాళ పచ్చగడే."

దగ్గు, ఆయాసం ఎంతున్నాయో రోజూ తానే చూసుకుని, పచ్చ, పసుపు, ఎరుపు గళ్లలో టిక్కు పెట్టుకునే కాగితం అది. పసుపైతే ఫోను చేయాలి. ఎరుపైతే ఆస్పత్రికి పరుగు.

ఇక చూడండి ఆ విక్రమం! ఒకటి, రెండు, మూడు... ఆరు మెట్లు మదగజంలా తొక్కేశాడు. ఏడో మెట్టు మీద ముఖం రాగిబిందె అయింది.

"ఆగండాగండి! ఊపిరి బిగబట్టారేంటి?"

వీరుడు తెల్లబోయాడు. డాక్టర్లు ఎవరూ కనిపెట్టని రహస్యం! రాయి పొదిగేటప్పుడు పొరపాటున ఊపిరి వదిలితే బంగారు పొడి లేచిపోతుంది. అందుకే నలభైయేళ్లుగా, కష్టమైన పని ఏది ముందుకొచ్చినా, వీడి ఊపిరి తనంతట తానే బిగుసుకుంటుంది.

"సన్నపని... ఊపిరాపే... చేస్తామమ్మా."

"ఇక్కడ ఎగిరిపోయే బంగారం ఏమీ లేదు బాబాయ్ గారూ. వదిలేయండి. నిలబడి ముక్కుతో పీల్చుకోండి. అడుగేసేటప్పుడు పెదాలు సున్నా చుట్టి వదలండి. రెండు మెట్లకోసారి ఆగితే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

"నేనంటా!" అంది పైనుంచి ఆ దుష్టకంఠం.

"నువ్వు నోర్మూసుకోరా!" అంది కిందినుంచి అక్క.

"ఊదుగొట్టం... ఊదినట్టా?"

"అంత జోరొద్దు. మంట వంగాలి, ఆరకూడదు."

అది వీడికి తెలిసిన భాష. అంతట ఆ ధీరోదాత్తుడు, పూరించి, రేచించి, అడుగు వేసి, ఆగి, ఒక చీమలబారు తన్ను దాటి ముందుకు పోవుటను నిర్వికారంగా వీక్షించి, మళ్లీ పూరించి, ప్రాణాంతకమైన ఆ తొమ్మిదో మెట్టును అవతలికి నెట్టి, పదకొండు, పదమూడు, పదిహేను... ఇదిగో పదిహేడు!

గుమ్మంలో టేపుతో బావమరిది. వీరుడు సావకాశంగా పీల్చుకున్నాడు.

"ఒరేయ్, నీ టేపూ నీ టేబులూ తీసుకుని ఈ క్షణం దిగిపోకపోతే ఈ మెట్లమీదే నిన్ను దొర్లించి మీ అక్కకు నేనే జవాబు చెప్పుకుంటాను!"

"మధ్యలో ఆగారా?" ఇల్లాలు కేక వేసింది.

"కామా దగ్గర కూడా ఆగలేదమ్మా!" అంది వెనకే ఎక్కివచ్చిన నర్సమ్మ.

లోకులారా, గుర్తుంచుకోండి! పదకొండు నిమిషాల ఘోరసంగ్రామానంతరం ఆ సప్తదశసోపానవిజేత, శ్యాలకగర్వాపహారి, తన ముక్కాలిపీట మీద తానే కూర్చున్నాడు. పుష్పవృష్టి కురవలేదు. దుందుభులు మోగలేదు. పక్కింటి కుక్కరు మాత్రం ఒక్క కూత కూసింది.