షుగర్ లేని క్లాసు

ఆ ఉదయం నర్సమ్మ అనుకున్నది ఒక్కటే, ఇరవై కుర్చీలూ నిండాలని. షుగర్ రోగులకు వారానికోసారి ఆవిడ చెప్పే క్లాసును చూడటానికి పెద్ద డాక్టరు వస్తున్నాడు. పనికిరాదనిపిస్తే ఎత్తేస్తాడు. నిరుడు ఒకాయన ఒక్క క్లాసుకూ రాకుండా, సరాసరి కాలివేలు తీయించుకోవడానికి వచ్చాడు. ఆ వేలు ఆవిడకు ఇంకా కలలోకొస్తోంది.

మొదట్లో క్లాసుకు ముగ్గురే వచ్చేవారు. ముగ్గురూ నిద్రపోయేవారు. ప్రాణం విసిగి, "కుదరకపోతే ఇంట్లోవాళ్ళనైనా పంపండి" అని ఒకనాడు నోరు జారింది. అంతే, గది కిటకిటలాడింది. భార్యలొచ్చారు, కోడళ్ళొచ్చారు, ఒకావిడ పక్కింటాయన బదులు వచ్చింది. నిద్రపోయే ముగ్గురూ కూడా ఇంట్లోవాళ్ళను తోలి చల్లగా తప్పుకున్నారు.

"మీ ఆయన్ని ఒక్కసారి తీసుకురామ్మా" అని ముందు వరసలో ఆవిణ్ణి నర్సమ్మ బతిమాలింది.

"ఆయనకి తీరికెక్కడిదండీ? రిటైరయ్యారు."

"పోనీ, ఇక్కడ విన్నవి ఇంట్లో చెప్తున్నావా?"

"చెప్పబోతే, నువ్వు నేర్చుకున్నావుగా, చాల్లే అంటారు."

ఇంతలో పెద్ద డాక్టరు వచ్చాడు. నిండిన కుర్చీలు చూసి మురిసిపోయి, అందరికీ వేలు గుచ్చి షుగర్ చూద్దామన్నాడు. తొంభై ఎనిమిది, నూట ఐదు, నూట పది. ఆయన రిజిస్టరు తిరగేశాడు. అందులో రోగుల పాత లెక్కలు మూడు వందలకు తగ్గి లేవు. ఆయన అంకెలు చూసే రకం, పేర్లు చూసే రకం కాదు.

"అద్భుతం! అందరికీ తగ్గిపోయింది!"

"సార్, వీళ్ళెవరికీ షుగర్ లేదు సార్!"

"అదేగా నేనంటున్నది!"

"అసలెప్పుడూ లేదు సార్!"

"ఇక ఎప్పటికీ రాదు కూడా!"

అందరూ చప్పట్లు కొట్టారు. నర్సమ్మ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. ఆనందబాష్పాలనుకుని ఆయన భుజం తట్టాడు. జబ్బే పోయాక ఇక క్లాసెందుకని, దిగ్విజయంగా ముగిసినట్టు రాసి, అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు. ఆ సాయంత్రమే గదిలోకి విరిగిన మంచాలు చేర్చి తాళం వేశారు.

క్లాసుకెళ్తే షుగర్ పోతుందని పెద్ద డాక్టరే అన్నాడన్న మాట ఇంటింటికీ పాకింది. మరుసటి వారం, చెప్పిన టైముకు పావుగంట ముందే, మగవాళ్ళూ ముసలివాళ్ళూ తమంతట తామే నడిచొచ్చి వరండాలో వరసకట్టారు. ఒకాయన కాలికి అప్పటికే గుడ్డ చుట్టి ఉంది. నర్సమ్మ ఆ గుడ్డ వైపే చూస్తూ తాళం ముందు నిలబడింది.

"తలుపు తియ్యమ్మా, వచ్చాంగా" అన్నాడు రిటైరైనాయన.

క్లాసు పెట్టిన నాటి నుంచి రోగులందరూ హాజరైన రోజు అదొక్కటే.