శుభ్రమైన బూటు

ఎనభై తొమ్మిదో సంవత్సరం, వేసవి. నరసరావుపేటలో రిటైరైన లెక్కల మాస్టారు బ్రహ్మానందం ఆ సోమవారం పెందలాడే స్నానం ముగించి, ముందు గదిలో కంప్యూటరు మీద కప్పిన పూల దుప్పటి తీసి మడత పెట్టారు. పదకొండింటికి రాజుపాలెం నుంచి వెంకట్రామయ్య వస్తాడు. అక్కడి సహకార సంఘం అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నాడు. నామినేషన్లకు ఆ రోజు మూడు గంటలతో గడువు సరి. ఏ నిమిషాన కాగితం ఇస్తే గెలుపు ఖాయమో మాస్టారి మిషన్ లెక్కగట్టి చెప్పాలి.

ఆ మిషన్ తెచ్చిపెట్టింది పాత శిష్యుడు సామ్యేలు. గుంటూరులో కంప్యూటర్లు బాగుచేస్తుంటాడు. జాతకాలు వేసే ఫ్లాపీ కూడా వాడే ఇచ్చి, ఎలా పెట్టాలో నేర్పి వెళ్ళాడు. వెంకట్రామయ్య ఒక్కడు మెచ్చుకుంటే పల్నాడంతా తన గుమ్మం తొక్కుతుందని మాస్టారి అంచనా. లెక్క తప్పితే ముప్పై ఏళ్ళు బెత్తం పట్టి సంపాదించిన పరువు ఒక్క పూటలో గంగలో కలుస్తుంది.

ఫ్లాపీ పెట్టారు. వివరాలు కొట్టారు. సరిగ్గా ఎనిమిదిన్నరకు తెర మీద ఎక్కడినుంచో గోలీకాయంత చుక్క ఒకటి ఊడిపడింది. ఈ అంచుకూ ఆ అంచుకూ తగిలి ఎగురుతూ, వెంకట్రామయ్య జన్మనక్షత్రం మీదుగా దూసుకుపోయింది.

“ఏమే! ఇట్రా! ఇదేందో చూడు!”

మహాలక్ష్మి గరిటెతో సహా వచ్చి చూసింది. “బాగానే ఆడుతుందిగా. మీరు పెట్టిందేగా?”

“నేనెందుకు పెడతానే!”

మాస్టారు స్విచ్చి ఆపి మళ్ళీ వేశారు. చుక్క పోయింది. హమ్మయ్య అనుకుని ఫ్లాపీ పెట్టారు. తొమ్మిదింటికి మళ్ళీ వచ్చింది. అద్దం తుడిచారు, వైర్లు పీకి పెట్టారు, టేబులు తూర్పుకు తిప్పారు. తొమ్మిదిన్నరకు ఠంచనుగా వచ్చింది. ఇక లాభం లేదని ఎదురుగా ఉన్న నూర్ మొహమ్మద్ రేడియో షాపుకు పరుగెత్తి, గుంటూరుకు ఫోను చేశారు. 

లైనులో గరగరల మధ్య సామ్యేలు గొంతు ముక్కలుగా వినిపించింది. “వైరస్ సార్! బూట్‌లో దూరింది! చానా అంటుకునే రకం. ముందు శుభ్రమైన బూట్ కావాలి. నేను బస్సెక్కుతున్నా, అప్పటిదాకా...” లైను తెగిపోయింది.

“ఏందంట మాస్టారూ?” అన్నాడు నూర్ మొహమ్మద్.

“బూటులో వైరస్ ఉందంట.”

“ఎవరి బూటులో?”

మాస్టారు ఆలోచించారు. మళ్ళీ ఫోను చేసి శిష్యుణ్ణి అడగడానికి మనసొప్పలేదు. సామ్యేలు పనిచేసే చోట గదిలోకి వెళ్ళాలంటే బూట్లు బయట విడవాలి. తను కళ్ళారా చూశారు. అంటే బూట్లకూ కంప్యూటరుకూ సంబంధం ఉంది. బూటులో ఉన్నది గడప దాటి మిషన్‌కు ఎక్కుతోంది. లెక్క తేలిపోయింది. 

“ఎవరిదో తెలవదు కాబట్టి అందరివీ,” అన్నారు నూర్ మొహమ్మద్ కాళ్ళ వైపు చూస్తూ.

ఇంటికి వచ్చి అరుగు మీద పెద్ద బకెట్‌లో కాగే నీళ్ళు పోసి ఫినాయిలు కలిపారు. తన బూట్లూ, నూర్ మొహమ్మద్ బూట్లూ అందులో ముంచారు.

“మిషన్‌కి కాళ్ళేవండీ, బూట్లుండటానికి?” అంది మహాలక్ష్మి.

“దానివి కాదే, మనవి! నీకు తెలవదు, నువ్వుండు.”

పదకొండింటికి జీపు వచ్చింది. ఆరుగురు మనుషులతో వెంకట్రామయ్య దిగాడు. తెల్ల పంచె కింద ఎర్రటి కొత్త తోలు బూట్లు తళతళలాడుతున్నాయి. నామినేషన్ కోసం ప్రత్యేకంగా కొన్నవి. వాకిట్లో విడిచి లోపలికి వచ్చి కూర్చున్నాడో లేదో, బయట బుడుంగుమని చప్పుడైంది.

“నా బూట్లేయి మాస్టారూ?”

“వైద్యంలో ఉన్నయ్. కంగారుపడమాక.”

జాతకం తెర మీదికి వచ్చింది. పదకొండున్నరకు చుక్క కూడా వచ్చింది. వెంకట్రామయ్య ముందుకు వంగాడు. “ఏందయ్యా, నా జాతకంలో అది దొర్లుతుంది?”

మాస్టారు చివాలున లేచారు. “ఇంకా ఎవరియ్యో మిగిలినయ్!” వాకిట్లోకి వెళ్ళి చూస్తే వెంట వచ్చిన ఆరుగురి చెప్పులూ వరసగా ఉన్నాయి. చెప్పులు బూట్ల కింద లెక్కకు వస్తాయా రావా అని క్షణం తర్కించుకుని, వస్తాయని తేల్చి, అన్నిటినీ బకెట్‌లోకి తోసి, మళ్ళీ కాగే నీళ్ళు పోశారు.

పన్నెండుంబావుకు సామ్యేలు వచ్చాడు. గుమ్మంలో విడిచిన అతని జోడు కూడా మాయమైంది. వెనక్కి తిరిగిన శిష్యుడు అరుగు మీద పొగలు కక్కుతున్న బకెట్‌నూ, గురువుగారినీ మార్చి మార్చి చూశాడు.

“సార్, బూట్ అంటే మిషన్ నిద్రలేవటం సార్. శుభ్రమైన ఫ్లాపీతో లేపమన్నా.”

మహాలక్ష్మి గబగబా వంటింట్లోకి వెళ్ళింది. లోపల్నుంచి నవ్వు ఆపుకుంటున్న దగ్గు వినిపించింది.

సామ్యేలు మిషన్ ఆపి, తాను తెచ్చిన ఫ్లాపీతో లేపాడు. మాస్టారి దగ్గరున్న పన్నెండు ఫ్లాపీలనూ ఒక్కొక్కటిగా పరీక్షించి శుభ్రం చేశాడు. “వైరస్ మకాం ఈ జాతకాల ఫ్లాపీలో సార్. ఇది పెట్టినప్పుడల్లా మళ్ళీ ఎక్కింది.”

“అది ఎవరిచ్చార్రా?” 

సామ్యేలు కీబోర్డు వైపు చూస్తూ, “నేనే సార్,” అన్నాడు.

ఒంటిగంట దాటింది. చుక్క రాలేదు. ప్రింటరు గిరగిరలాడి కాగితం ఇచ్చింది: రెండు గంటల నలభై నిమిషాలు, దివ్యమైన సమయం. వెంకట్రామయ్య మొహం విప్పారింది. బకెట్‌లోంచి తీసిన బూట్లు చూడగానే ముడుచుకుంది. అడుగులు ఊడి నోళ్ళు తెరిచాయి. మిగతావాళ్ళ చెప్పులూ అదే దారి పట్టాయి. కొత్తవి కొనే టైము లేదు. ఏడుగురూ వట్టికాళ్ళతో జీపెక్కారు.

“మాస్టారూ,” అన్నాడు వెంకట్రామయ్య నిదానంగా, “ఓడిపోతే మాత్రం మళ్ళీ వస్తా.”

ఆ తర్వాత మూడు వారాలు జీపు చప్పుడైతే చాలు, మాస్టారు పెరట్లోకి నడిచేవారు. ఫలితాలొచ్చిన మర్నాడు పెరట్లోకి వెళ్ళే వ్యవధి కూడా దొరకలేదు. వెంకట్రామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో పూలదండతో.

“గెలిచా మాస్టారూ! ఆ రోజు నేల పెనంలా కాలతావుంది. ఏడుగురం గంతులేసుకుంటా ఆఫీసుకి పోతుంటే రైతులంతా చూశారు. ‘అవతలోడు బూట్లేసుకుని కార్లో వచ్చాడు, ఈయన మనలాగా వట్టికాళ్ళతో వచ్చాడు, ఎంత ఉషారుగా ఉన్నాడో’ అనుకున్నారు. ఓట్లన్నీ నాకే గుద్దారు.”

మాస్టారు మెల్లగా ఊపిరి పీల్చుకుని, కళ్ళజోడు సవరించుకున్నారు. “నేను చెప్పలా? రెండూ నలభై అంటే రెండూ నలభైయే.”

“ఏడ రెండూ నలభై? కాళ్ళు మండిపోతుంటే నిలబడలేక, రెండున్నరకే లోపలికి ఉరికి కాగితం ఇచ్చేశా.”

దుర్గి, మాచర్ల వైపు సంఘాల ఎన్నికలు ఇంకా జరగాల్సి ఉన్నాయి. మరుసటి వారం నుంచి అభ్యర్థులు కొత్త బూట్లు చేతబట్టుకుని మాస్టారి వాకిట్లో బకెట్ ముందు బారులు తీరారు.

జాతకం కావాలని మాత్రం ఒక్కరూ అడగలేదు.