తుమ్ము లేని పూలతోట

“మాత్ర అంటేనే ప్రకృతి మీద కుట్ర! ఈ ఇంట్లోకి అది అడుగుపెట్టదు!”

డాబా మీద బంతి, చామంతి కుండీల మధ్య నిలబడి ఇల్లాలు ఈ మాట ప్రకటించినప్పుడు వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. అందరికన్నా గట్టిగా కొట్టింది ఆవిడ మొగుడు. ఎందుకంటే ఆ అడుగుపెట్టని మాత్రల్ని దొంగచాటుగా మోసుకొచ్చేది ఆయనే! ఆవిడకి పూలంటే ప్రాణం. పూలకే ఆవిడంటే పడదు. పుప్పొడి సోకితే చాలు, ఆగకుండా తుమ్ములు!

ఈరోజు వీళ్లింట్లోనే పూలవైద్య సంఘం సభ. అధ్యక్షురాలు తనిఖీకి వస్తోంది. ఇంట్లో మందుల వాసన లేదని తేలితే కార్యదర్శి పదవి ఈవిడదే. ఆ పదవి కోసమే ఏడాదిగా మొగుడి చేత బంతిపూల కషాయం తాగిస్తోంది. తీరా ఈ పొద్దున మాత్రలు నిండుకున్నాయి.

“ఏమండీ, నేను సభలో తుమ్మానో, ఇక మిమ్మల్ని...”

ఆ బెదిరింపు పూర్తికాకముందే ఆయన వీధి మలుపు తిరిగాడు.

మందుల షాపువాడు పెదవి విరిచాడు. “రోజూ ఇచ్చేది అయిపోయింది సార్. పాత రకం ఒక్క అట్ట ఉంది. తెగ నిద్రొస్తుంది మరి.”

“పర్లేదు, ఇలా తే!”

“ఆగండి, అది నాకు!” అంది పక్కనే ముఖానికి స్కార్ఫ్ చుట్టుకున్న శాల్తీ. మరుక్షణం ఫెళ్లున తుమ్మింది. స్కార్ఫ్ ఎగిరి కౌంటర్ మీద పడింది.

సాక్షాత్తూ అధ్యక్షురాలు!

ఇద్దరూ కాసేపు షాపులోని ఫ్యాన్‌ని శ్రద్ధగా పరిశీలించారు.

“చెరిసగం,” అందావిడ గొంతు తగ్గించి. “మీరు నన్ను చూడలేదు.”

“ఎలా చూస్తాను మేడమ్? నేను ఇంట్లో ఉన్నానుగా!”

సభ మొదలైంది. అధ్యక్షురాలు, ఇల్లాలు చెరో కప్పు చామంతి టీ తాగారు. ఒక్క తుమ్ము లేదు! “మన కొత్త కార్యదర్శి...” అని ఇల్లాలి వైపు చెయ్యి చూపిస్తూనే అధ్యక్షురాలి తల వాలిపోయింది. కృతజ్ఞతలు చెప్పడానికి లేవబోయిన ఇల్లాలు ఆవిడ భుజం మీదికి ఒరిగింది. ఆపైన జమిలిగా గురక!

“చూశారా చామంతి మహిమ! ఒక్క కప్పుకే!” అంటూ సభ్యురాళ్లు పరవశించిపోయారు.

ఆయన ఊపిరి పీల్చుకుంటుండగా పక్కింటావిడ దగ్గరికొచ్చి గుసగుసగా అంది. “అన్నయ్యగారూ, నాకూ కాస్త ఇప్పించరూ?”

“టీయేగా చెల్లెమ్మా! ఇదిగో, కప్పు నిండా పోస్తాను.”

“టీ ఎవరిక్కావాలండీ! ఆఖరి అట్ట మీరే పట్టుకెళ్లారని షాపువాడు చెప్పాడు. ఒక్కటి మిగిలినా చాలు!”

ఆవిడ వెనకాల, కొంగులతో ముక్కులు గట్టిగా నొక్కిపట్టుకుని, పూలవైద్య సంఘం మొత్తం వరసలో నిలబడి ఉంది.