కోత లేని పరీక్ష

తెనాలి చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించదగిన విషయమేమనగా, ఎనభైల చివర ఒక వేసవిలో మన ఊరికి స్కానింగు యంత్రం వేంచేసింది. ఇకపై మనిషిని కోయకుండానే లోపలున్నది చూడవచ్చు. అంతవరకూ మనవాళ్లు మనిషి ముఖం చూసే లోపలున్నదంతా చెప్పేసేవారు గనుక యంత్రం అవసరం కలగలేదు.

అమృతలూరు సంస్కృత పండితులు శేషగిరి మాస్టారికి ఆరు నెలలుగా మూత్రంలో రక్తం పడుతోంది. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేనిది రోగమెలా అవుతుందని ఊరు ఊరంతా తీర్మానించి, వేడి చేసిందని తేల్చి, ఆయనచేత బార్లీ నీళ్లు తాగించింది. రక్తానికి ఆ తీర్మానం అందినట్టు లేదు, పడుతూనే ఉంది. చివరికి తెనాలి డాక్టరు గారు, "నొప్పి లేకుండా పడే రక్తాన్నే అనుమానించాలండి. కిడ్నీలోనో, దాని కింది గొట్టంలోనో కేన్సరు ఉండొచ్చు. కోత లేకుండానే చూద్దాం. స్కానింగు తీద్దాం, మూత్రాన్ని కణాల పరీక్షకు గుంటూరు పంపుదాం. ప్రారంభోత్సవం నాడు మొదటి పరీక్ష మీకే. నిండా నీళ్లు తాగి, ఆపుకుని రండి" అన్నారు.

మాస్టారు చెప్పినట్టే చెంబులకు చెంబులు తాగి, పొద్దున్నే వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ముఖ్య అతిథి, ప్రజానాయకులు వెంకట సుబ్బయ్య గారు ఆచారం తప్పకుండా మధ్యాహ్నానికి వచ్చారు. పరీక్షకు కోత ఉండదన్నారే గాని సభలో కోతలు ఉండవని ఎవరూ మాటివ్వలేదు గదా.

"ఈ యంత్రం నా చిరకాల స్వప్నం. కాలవలో నీరెలా పారుతోందో, ఈ తెనాలిలో ఆరోగ్యం అలా పారుతుంది. పారుతుంది, పారుతూనే ఉంటుంది" అన్నారాయన.

మాస్టారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఉపన్యాసానికి తన్మయులయ్యారని పక్కవారు సంతోషించారు.

ఉపన్యాసం రెండు గంటలు సాగాక రిబ్బను కత్తిరించి, వెంకట సుబ్బయ్య గారే బల్లెక్కి పడుకున్నారు. నొప్పి లేదు, ఖర్చు లేదు, పైగా బొమ్మ వస్తుందని తెలిశాక ఆయన బావమరిది, రైసుమిల్లు యజమాని, సన్నాయి మేళం వారు వరసగా ఎక్కారు. ఎవరి కిడ్నీ పెద్దదన్న దానిపై కొంత చర్చ కూడా జరిగింది.

మాస్టారు సభామర్యాద కోసం ఆగగలిగినంత ఆగారు. లేచి నాలుగడుగులు వేశారో లేదో, పంచె ఎర్రగా తడిసింది.

"పండితులై ఉండి ఇదేంటండి" అని మిల్లు యజమాని నొచ్చుకున్నారు.

"వచ్చేవారం రండి మాస్టారూ. ఇవాళ పెద్దలున్నారు" అన్నారు ఆహ్వాన సంఘం వారు.

మాస్టారి భార్య వేదవతమ్మ తన భుజమ్మీది తువ్వాలు తీసి ఆయన నడుముకు చుట్టింది. ఆవిడకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "పెద్దల కిడ్నీలన్నీ బాగున్నాయంటగా బాబూ. ఇహ బాగాలేనాయన్ని చూడండి. చూసేదాకా నేను కదలను" అని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

డాక్టరు గారు సిగ్గుపడి బల్ల ఖాళీ చేయించారు. ఎడమ కిడ్నీలో, గొట్టం మొదలయ్యేచోట గడ్డ కనిపించింది. గుంటూరు కణాల పరీక్ష కూడా కేన్సరనే చెప్పింది. ఆపరేషను చేసి గొట్టంతో సహా ఆ కిడ్నీ తీసేశారు. ఇంకొన్నాళ్లు బార్లీ తాగి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నారు.

మాస్టారు నిక్షేపంగా ఉన్నారు. అయితే ఊరు అంత తేలిగ్గా దేన్నీ మరవదు. ఇప్పటికీ ఆయన బస్సెక్కితే, నలుగురిలో పంచె తడుపుకున్న పండితుడు ఈయనేనని చెవులు కొరుక్కుంటారు. రెండు గంటలు నోరు ఆపుకోలేకపోయిన పెద్దమనిషిని మాత్రం తర్వాతి ఎన్నికల్లో భారీ మెజారిటీతో గెలిపించారు. మీరూ వేసే ఉంటారు లెండి.