రాళ్లకు దొరికిన జాగా

పెద్ద ఉద్యోగులకు కొండలెక్కే సరదా పుట్టడం ప్రజలకు పట్టిన మహాభాగ్యం! నవ్వకండి. కొత్త రాష్ట్రం వచ్చింది, కొత్త ఆఫీసర్లు వచ్చారు. వాళ్లు కచ్చేరీలో కూర్చుంటే మన కష్టాలు ఎలా తెలుస్తాయి? ఎత్తుకు పోతేనే కదా కిందివాళ్లు కనిపించేది?

రాయచోటి వైపు డిప్యూటీ తహశీల్దారుగా వచ్చిన రాఘవేంద్రరావుగారినే చూడండి. బందరు మనిషి. తిన్నది అరగాలంటే నడవమని డాక్టరు చెప్పాడు. రోడ్డు మీద నడిస్తే హోదాకు తక్కువని ఆయన అడవికొండను ఎంచుకున్నారు. టోపీ, చేతికర్ర తాను పట్టుకున్నారు. మడతకుర్చీ, ఫ్లాస్కు, టిఫిన్ క్యారియరు, గొడుగు బంట్రోతు హుసేన్ వలి మోశాడు. ఒకరికి రాసిచ్చిన మందు ఇద్దరికీ పనిచేసింది.

ఆ కొండమీద రాళ్లు చూసి తీరాలి. ఏనుగంత గుండు ఒకటి గుమ్మడికాయంత రాతిమీద నిలబడి, దొర్లనా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంటుంది. ఇంకోచోట రెండు బండలు తలలు ఆనించుకుంటే, మనం సందులోంచి ఒంగి పోవాలి. రావుగారు ప్రతి బండకూ ఒక ఇంగ్లీషు పేరు పెట్టి, కుర్చీ వేయించుకుని కాఫీ తాగారు. ప్రకృతిని ఆరాధించడమంటే అదీ!

ఇంకాస్త పైకి పోయాక, చదునుగా ఉన్నచోట చిన్న చిన్న రాళ్లు ఒకదానిమీద ఒకటి పొందికగా పేర్చి కనిపించాయి. రావుగారికి ఒళ్లు పులకరించింది. ఆదిమానవుడి పనితనం! వేల ఏళ్లనాటిది! పాపం, ఆయన తిరుమలకు ఎప్పుడూ బస్సులోనే పోయారు. మెట్లదారిన నడిచిపోయేవాళ్లు సొంతిల్లు కావాలని మొక్కుకుని ఇలాగే రాళ్లు పేరుస్తారని ఆయనకేం తెలుసు? హుసేన్ వలికి తెలుసు. దొర సంతోషంగా ఉన్నప్పుడు బంట్రోతు నోరు విప్పితే ఏమవుతుందో కూడా తెలుసు.

సర్కారు పని నత్తనడక అన్నదెవరు? నెల తిరగకముందే రాళ్లచుట్టూ ముళ్లకంచె, గేటు, బోర్డు వచ్చాయి. కాపలావాడికి రేకుల షెడ్డు కూడా వచ్చింది. కలెక్టరుగారు స్వయంగా చూడడానికి వస్తానన్నారు.

ఆయన రావడానికి ముందురోజు కంచె దగ్గర ఏర్పాట్లు చూసుకుంటున్న రావుగారికి నాగక్క ఎదురైంది. కట్టెలమ్ముకునే మనిషి. రెండేళ్ల కిందట వానకు గుడిసె కూలితే అప్పటినుంచి ఎవరిదో పశువులకొట్టంలో తలదాచుకుంటోంది. గుడిసెకు జాగా ఇప్పించమని ఆమె అడిగినప్పుడల్లా, తాలూకా మొత్తంలో అడుగు పోరంబోకు లేదని రావుగారు ఎంతో ఓపికగా చెబుతూ వచ్చారు.

"సామీ, ఆ రాళ్లు నేనే పేర్చినా. ఇల్లు కట్టుకొనే రాత ఇయ్యమని మొక్కి పేర్చినా" అంది నాగక్క.

రావుగారు చప్పున బోర్డువైపు చూశారు. వేల ఏళ్లనాటి రాళ్లు రెండేళ్లవైపోతే కలెక్టరుగారికి ఏం చెప్పాలి? మేధావి కనుక వెంటనే తేరుకున్నారు. ఈ మాట ఇంకెక్కడా అనవద్దనీ, జాగా సంగతి మళ్లీ విచారిస్తాననీ ఆమెను బుజ్జగించారు.

నాగక్క కంచెలోపలికి చాలాసేపు చూసింది.

"ఎవరికీ చెప్పను సామీ. లోపల శానా జాగా ఉండాది. ఒక మూల నన్ను గూడా ఉండనీండి. ఆ రాళ్ల మాదిరే కదలకుండా కూసుంటా."

రావుగారి మనసు నిజంగానే కరిగింది. అయినా రూలు రూలే కదా?

"అది మనుషులకిచ్చే జాగా కాదమ్మా" అన్నారు, ఎంతో మెత్తగా.