పచ్చ మార్కు పడ్డ చెవి

ఇరవై ఆరుగురు పిల్లలకు ఇరవై ఆరు రకాల బుర్రలు పెట్టడం దేవుడి పరిపాలనా లోపం! దాన్ని సరిదిద్దడానికే, అక్షరాల శబ్దాలు నేర్పే ఫోనిక్స్ యాప్ అవతరించిందని నా మనవి.

కురవి అవతల ఓ తండా బడి. అక్కడి సోమనర్సయ్య సారు ఈ మహిమ తెలియని రోజుల్లో ఒక్కొక్కరినీ పక్కన కూచోబెట్టుకుని ఇంగ్లీషు అక్షరాల శబ్దాలు పలికించేవాడు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు ఒక తీరు, అప్పుడే కథల పుస్తకాలు లాగించేసే వాళ్లకు ఇంకో తీరు. ఎంత వెనుకబాటుతనం!

యాప్ వచ్చి ఆయన్ని ఉద్ధరించింది. మంగళవారం పదకొండింటికి అందరూ కలిసి "స్... స్..." అనాలి. వీడియో తీసి యాప్‌కు పంపాలి. కదిలిన ప్రతి నోటికీ పచ్చ మార్కు, కదలని నోటికి ఎర్ర మార్కు. ఎర్ర మార్కు పడితేనే దవాఖానలో కన్నూ చెవీ పరీక్షకు చీటీ. అంటే ఏమిటన్నమాట? పచ్చ మార్కు పిల్లలకు ఏ జబ్బూ లేనట్టే! ఇంత చవకైన వైద్యం ఇంకెక్కడైనా ఉందా?

ఆరేళ్ల సుమ ఈ పచ్చ మార్కులకు మహారాణి. అందరికన్నా పెద్దగా నోరు తెరుస్తుందని సారే ఆమెను ముందు వరసలో, శ్వేత పక్కన కూచోబెట్టాడు. వీడియోకు కళ వచ్చింది. బడికి మొదటి ర్యాంకు వచ్చింది. సారుకు శాలువా వచ్చింది.

ఓ మంగళవారం శ్వేత బుగ్గలో రేగుపండు అటూ ఇటూ దొర్లడం సారు కంటపడింది. పక్కన సుమ దవడ కూడా అచ్చం అలాగే ఆడుతోంది.

"నోట్ల ఉన్నది ఉమ్మియ్యుండ్రి ఇద్దరు!"

శ్వేత గింజ ఉమ్మింది. ఆమెను చూసి సుమ కూడా నోరు తెరిచింది. అందులో ఏమీ లేదు!

సారు ఆమె వెనక్కి వెళ్లి "సుమా!" అని కేకేశాడు. ఇరవై ఐదు తలలు ఠక్కున తిరిగాయి. శ్వేత తిరగడం చూశాక సుమ తిరిగింది. ఈ పసిదాని ఉత్త నోరు చూపించేనా తను శాలువా కప్పించుకున్నది?

వెంటనే పర్యవేక్షణ చూసే ఐలేశ్ సారుకు ఫోన్ చేసి, సుమకు చెవి పరీక్షకు చీటీ రాయమన్నాడు.

"గా పిల్లకు అన్నీ పచ్చలే ఉన్నయ్ గద సోమన్నా! మంచిగున్న పిల్లను దవాఖానకు ఎట్ల పంపుత?"

చూశారా, యాప్ మీద ఎంత భక్తో! చెవి సంగతి చెవికేం తెలుస్తుంది, యాప్‌కు తెలియాలి గానీ!

తర్వాతి మంగళవారం సోమనర్సయ్య సారు బుద్ధి గడ్డి తింది. పదకొండింటికి ఇరవై ఆరుగురినీ నోటి మీద వేలేసుకోమని, ఆ నిశ్శబ్దాన్నే వీడియో తీసి పంపాడు. ఇరవై ఆరు ఎర్ర మార్కులు! ఇరవై ఆరు చీటీలు! బడి ర్యాంకు అట్టడుగుకు పోయింది. పిల్లలంతా ఒక్కసారిగా మూగబోవడానికి కారణాలు తెలపాలంటూ మెమో వచ్చింది.

చీటీ తీసుకోవడానికి సుమ తల్లి చంద్రి బడికొచ్చింది. పిల్లకు వినబడటం లేదేమోనని సారు చెప్పాడు.

"ఇంటికాడ పిలిస్తె పలుకకపోతె పొగరనుకొని కొట్టేదాన్ని సార్," అంది. "మీరు పచ్చ మార్కులిచ్చిన్రు గద, చెవులు మంచిగనే ఉన్నయనుకున్న."

మెమోకు జవాబు సారు ఆ సాయంత్రమే రాసిపడేశాడు. చంద్రికి ఏం జవాబు చెప్పాలో మాత్రం ఆయనకు ఇంతవరకు తెలియలేదు.