అందరూ కలిసి వేసిన అంచనా

నూజివీడు మామిడి వ్యాపారంలో ఇకమీదట ఎవరూ ఒంటరిగా అంచనా వేయరాదని, గిరాకీ ఎంతో అందరూ కలిసే ఊహించాలని ఈ వేసవిలో నిర్ణయమైంది. నిర్ణయించినవారు హైదరాబాదులోని ఒక సూపర్ మార్కెట్ల కంపెనీవారు. ఆ నిర్ణయాన్ని ఊరికి మోసుకొచ్చినవాడు వారి అధికారి ఉమాపతి. మొదట అందుకున్నది బస్టాండు వెనక మామిడి షెడ్డు నడిపే పుష్పావతి.

“ఇన్నాళ్లూ మనం ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నామండీ,” అన్నాడు ఉమాపతి ఏసీ హోటల్లో మైకు పట్టుకుని. “మేమెంత కొంటామో మీకు చెప్పలేదు. మీరెంత కోస్తారో మాకు చెప్పలేదు. ఇకనుంచి భాగస్వాములందరం ఒకే కంప్యూటర్ తెర మీద అంకెలు వేద్దాం. ఒకరిని చూసి ఒకరు దిద్దుకుందాం!”

పుష్పావతి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల వ్యాపారంలో ఆమె అంచనా ఒక్కసారీ నిజం కాలేదు. అయితే తప్పినప్పుడల్లా ఒంటరిగా తప్పేది. ఇప్పుడు తోడు దొరికింది.

చిన్నరసాలు ఇరవై టన్నులు కావాలని కంపెనీ తెర మీద వేసింది. కుళ్లేవి, నలిగేవి ఉంటాయి కదా అని పుష్పావతి పాతిక వేసింది. ఆవిడ పాతిక వేస్తే ముప్పై ఎక్కిస్తుందని లారీల అప్పారావు ముప్పైకి బళ్లు మాట్లాడాడు. ప్లాస్టిక్ ట్రేలు అద్దెకిచ్చే సువర్ణరాజు ఎందుకైనా మంచిదని నలభైకి సరిపడా ట్రేలు సిద్ధం చేశాడు. ఎవరి జాగ్రత్త వారిది.

హైదరాబాదులో ఉమాపతి ఆ నలభై చూశాడు. వెంటనే ఫోను.

“మేడం, ట్రేలాయన నలభైకి వెళ్లాడేంటండీ? మార్కెట్లో ఏదో జరుగుతోంది!”

“ఏం జరుగుతోందండీ?” అంది పుష్పావతి.

“అది తెలిస్తే ఇక అంచనా ఎందుకండీ? మేం యాభైకి పెంచుతున్నాం.”

యాభై చూసి ఆమె అరవై అయిదు వేసింది. అప్పారావు ఏలూరు నుంచి లారీలు రప్పించాడు. సువర్ణరాజు ట్రేలు చాలక కోళ్ల గంపలు కడిగించాడు. అంకె పెరిగినప్పుడల్లా వాట్సాప్ గ్రూపులో చప్పట్లు, పూలగుత్తులు. విస్సన్నపేట, బాపులపాడు, జి. కొండూరుల్లో ఖాళీగా కనబడ్డ ప్రతి తోటకూ పుష్పావతి అడ్వాన్సు ఇచ్చేసింది. ఆమె నడకే మారిపోయింది. కూరగాయల బండి దగ్గర నిలబడి, వచ్చేవారం వంకాయల గిరాకీ ఎలా ఉండబోతోందో అడగనివారికి కూడా చెప్పింది.

అంకె మూడొందలు దాటాక లారీలు బయలుదేరాయి. హైదరాబాదు గోదాము ఇరవై టన్నులు దించుకుని తలుపులు వేసుకుంది.

“మూడొందలు అడిగింది మీరే కదండీ!” అని ఫోనులో అరిచింది పుష్పావతి.

“మిమ్మల్ని చూసే అడిగామండీ,” అన్నాడు ఉమాపతి నొచ్చుకుంటూ. “మీరు మమ్మల్ని చూసి కోశారు. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. ఈ పద్ధతిలో గొప్పతనమే అది.”

లారీలు వెనక్కి తిరిగాయి. ఊరు చేరేసరికి కాయంతా ఒక్కసారే పండి కూర్చుంది. పుష్పావతి కాసేపు ఏడ్చింది. తర్వాత కొంగు బిగించి, ఆటో మాట్లాడుకుని, పంచడం మొదలుపెట్టింది. పోలీస్ స్టేషనుకు ఫిర్యాదుతో వెళ్లినవాడికి ఒక గంప. బ్యాంకులో సంతకం పెట్టినవాడికి ఒక గంప. కండక్టర్లు చిల్లరకు బదులు రసాలిచ్చారు. చివరికి ఆమె ఆటో చప్పుడు వినబడితే చాలు, జనం తలుపులు గడియ పెట్టుకున్నారు. ఆవులు మొహం తిప్పుకున్నాయి.

ఆ సీజను షెడ్డులో సగాన్ని మింగేసింది. మిగిలిన సగంలో కూర్చుని పుష్పావతి బాగా ఆలోచించింది. పద్ధతి మంచిదే, తినేవాళ్లను అడగకపోవడమే లోపమని తేల్చింది. ఉమాపతి పొంగిపోయాడు. కల్యాణమండపంలో వినియోగదారుల మహాసభ ఏర్పాటైంది. వచ్చే వేసవిలో వారానికి ఎన్ని గంపలు కొంటారో ఒక్కొక్కరే లేచి, నిజాయితీగా, మైకులో చెప్పాలి.

మొదట లేచినాయన ఒకటన్నాడు. అది విని ఆయన పక్కింటాయన రెండన్నాడు. వెనక వరసలోని టీచరుగారు గొంతు పెంచి మూడన్నారు. అరడజను కాయలకు అరగంట బేరమాడే జగదాంబ నాలుగు గంపలని ప్రకటించి, పక్కనే ఉన్న పుష్పావతి వైపు చిరునవ్వుతో చూసింది.

పుష్పావతి భర్తకు షుగరు. పుష్పావతికి మామిడిపండు పడదు, తింటే ఒళ్లంతా దద్దుర్లు. ఆ ఇంటి గడప లోపలికి పండు వెళ్లి ఏళ్లయింది.

ఆమె లేచింది. చీర సర్దుకుని మైకు అందుకుంది.

“మాకు ఆరండీ,” అంది.